సొట్టాభిషేకం

శుక్రవారం ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు ప్రపంచ చరిత్ర ఒక మలుపు తిరిగింది. ప్రపంచం అప్పటికి టిఫిను తిని ఆఫీసులో ఆవలిస్తూ ఉండటం వల్ల ఈ సంగతి గమనించలేదు. గమనించినవారు పదకొండుమంది. ఆ పదకొండుమందీ ‘సూక్ష్మ యుద్ధవాహన నిర్మాతల సంఘం’ సభ్యులు. నిజం బండిని చిన్నదిగా చేసి, ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెలో పెట్టి అమ్మే ఒక పేరున్న కంపెనీ, వచ్చే ఏడాది విడుదల చేయబోయే కొత్త కిట్టును ఆ నిమిషాన ప్రకటించింది. సైనిక వంట లారీ. అసలు సైజులో ముప్పై అయిదో వంతు. నాలుగు వందల పన్నెండు ప్లాస్టిక్ ముక్కలు, రెండు గుండిగలు, గరిటె అదనం.

ఈ వాహనానికి ఫిరంగి లేదు. తుపాకీ లేదు. ఇది చంపగలిగితే సొంత సైన్యాన్నే చంపాలి, అదీ వంటవాడి చేతి మహిమను బట్టి. అయినప్పటికీ సంఘం అత్యవసర సమావేశానికి పిలుపు ఇచ్చింది. అత్యవసరం గనుక ఆదివారం దాకా ఆగారు.

సమావేశ స్థలం పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రిలో రోగులు కూర్చునే గది. డాక్టరుగారే అధ్యక్షులు. వారం రోజులూ రోగులు దవడ పట్టుకుని కూర్చునే కుర్చీల్లో ఆదివారం సభ్యులు గడ్డం పట్టుకుని కూర్చుంటారు. ముఖాల్లో పెద్ద తేడా ఉండదు. గోడ మీద నిలువెత్తు దంతం బొమ్మ ఉంది. దాని వేళ్ళు ఎంత లోతుగా ఉన్నాయో, సంఘం వేళ్ళు అంతకంటే లోతుగా ఉన్నాయని అధ్యక్షులు ఏటా వార్షికోత్సవంలో చెబుతారు.

నిర్మాతల సంఘం అన్నారు గనుక ఇక్కడ ఏదో నిర్మిస్తారని మీరు అనుకుంటే, మీకు సంఘాలతో పరిచయం తక్కువన్నమాట. సంఘం పుట్టి పన్నెండేళ్ళయినా నిర్మించినవాడు ఒక్కడే. రెండేళ్ళ క్రితం లిఫ్టు మెకానిక్ ఒకాయన కొత్తగా చేరాడు. చేరిన నెలకే ఒక జీపు కిట్టు పెట్టె మూత తీసి, ముక్కలు కత్తిరించి, జిగురు పెట్టి, రంగు వేసి, చెప్పుల డబ్బాలో పెట్టుకుని సమావేశానికి తెచ్చాడు. అధ్యక్షులు అతన్ని పక్కకు తీసుకువెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, “ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?” అని అడిగారు.

సంఘం దృష్టిలో ఒక కిట్టు జీవితానికి మూడు దశలు ఉన్నాయి: ప్రకటన, చర్చ, అటక. ప్రకటన కంపెనీ బాధ్యత. అటక భార్యల బాధ. మధ్యలోది సంఘం పవిత్ర కర్తవ్యం. కిట్టు బయటికి రాకముందే బొమ్మలో బోల్టులు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే ఖండించాలి. సరిపోతే, సరిపోవడం అనుమానాస్పదంగా ఉందని ఖండించాలి. కొన్నాక మూత తీయకుండా అటక ఎక్కించాలి. మూత తీసిన పెట్టెను సంఘంలో ‘పోయినది’ అంటారు.

ఈ సంఘంలో కళ్ళజోళ్ళ షాపాయన ఒకరు ఉన్నారు. అందరూ అద్దాలగారు అంటారు. ఊరివాళ్ళ చూపు దిద్ది బతికే మనిషి. ఇంట్లో అటక మీద, మంచాల కింద, బీరువా వెనక కలిపి రెండు వందల పద్నాలుగు పెట్టెలు ఉన్నాయి. కిట్టు ఆయనకు ఎంత కిట్టిందో భార్యకు అంత కిట్టలేదు. అట్టపెట్టె కొనితెచ్చి ఆయన పకపకా నవ్వుకోవడాన్నే అట్టహాసం అంటారని ఆవిడ ఇరుగుపొరుగుకు అర్థం చెప్పింది.

అద్దాలగారికి జీవితంలో ఒకే కోరిక. కిట్టు పెట్టెలో ముక్కలతోబాటు ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఏ ముక్క ఎక్కడ అతకాలో అందులో బొమ్మలు వేసి చూపిస్తారు. దాని రెండో పేజీ అడుగున, చీమ కూడా వంగి చదువుకోవలసినంత అక్షరాల్లో, ‘పరిశోధన సహకారం’ అని పేరు వేస్తారు. ఆ పేరు తనది కావాలి. పెట్టె ఎవరూ తెరవరు గనుక ఆ పేరు ఎవరూ చదవరని భార్య ఒకసారి ఎత్తిచూపింది. కీర్తికి అంతకంటే భద్రమైన చోటు ఏముందని ఆయన జవాబు.

పన్నెండేళ్ళుగా ఆయన సమావేశంలో రెండో వాక్యం మొదలుపెట్టేసరికి ఎవరో ఒకరు టీ అందించేవారు. ఆ ఆదివారం మాత్రం మూడో వాక్యం దాకా వెళ్ళారు. ఎందుకంటే కంపెనీ ప్రకటించిన బొమ్మ మీద భూతద్దం పెట్టి, లారీ వెనక వంట అరకు ఉన్న ఎడమ తలుపు కింది భాగంలో, నువ్వుగింజంత సొట్ట ఒకటి ఆయన కనిపెట్టారు.

“అచ్చు లోపం,” అని కార్యదర్శి కొట్టేశాడు. కార్యదర్శి బీమా ఏజెంటు. సొట్ట ఎక్కడ కనబడ్డా ముందు కొట్టేయడం ఆయన వృత్తిధర్మం.

“లోపం కాదు,” అని అద్దాలగారు నిలబడ్డారు. “ఇలాంటి లారీ ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, అదీ మ్యూజియంలో ఉంది. దాన్ని లేజరుతో కొలిచి చేశామని కంపెనీ రాసింది. కుడి తలుపుకు ఇది లేదు. ఎడమ తలుపుకే ఉంది. లేజరు అబద్ధమాడదు. సైన్యం ఊరికే పని చేయదు. అంచేత ఇది సొట్ట కాదు, గుంట. కావాలని పెట్టిన గుంట. గుండిగ మూతను తలుపుకు తగిలించినప్పుడు అంచు ఇందులో ఇరుక్కుని, బండి కదిలినా గలగలమనకుండా ఉండటానికి. చప్పుడైతే శత్రువు వింటాడు కదండీ.”

ఎవరూ టీ అందించలేదు. అధ్యక్షుల చేతిలోని కలం కిందపడింది. ఆ విధంగా ‘నిశ్శబ్ద మూత సిద్ధాంతం’ పుట్టింది.

సిద్ధాంతం పుట్టాక వ్యతిరేక సిద్ధాంతం పుట్టకపోతే ఊరికి పరువు తక్కువ. ఆ గుంట మూత కోసం కాదు, అన్నానికి వరసలో నిలబడి తలుపుకు చేరగిలబడే సైనికుడి మోకాలి కోసం అని బీమా ఏజెంటు వారం తిరిగేలోగా ప్రకటించాడు. ఆయనది నున్నటి బట్టతల. మోకాలి ఊహ ఆ తలలోంచే ఎందుకు పుట్టిందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సంఘం మూత పక్షం, మోకాలి పక్షం అని రెండుగా చీలింది. ఒకే ఫ్లాస్కు టీ తాగినవాళ్ళు రెండు ఫ్లాస్కులు తెచ్చుకోసాగారు. పన్నెండేళ్ళుగా ఒకే స్కూటరు మీద వస్తున్న ఇద్దరు సభ్యులు సిద్ధాంతరీత్యా విడిపోయారు. అయితే స్కూటరు ఒకటే గనుక మాట్లాడుకోకుండా దాని మీదే వచ్చేవారు.

అద్దాలగారు షాపు కట్టేసి ముప్పై ఎనిమిది పేజీల వ్యాసం రాశారు. అరవై ఒక్క పాదసూచికలు. వాటిలో నలభై రెండు తమ పాత ఉత్తరాలకు తామే ఇచ్చుకున్నవి. ప్రపంచంలోని ఇతర సంఘాలు ఈ వ్యాసం చదివి, చదవకుండా, సగం చదివి, ఏకకంఠంతో చర్చించాయి. పోటీ కంపెనీ ఒకటి తన వంట లారీని కూడా ప్రకటిస్తూ ‘మా తలుపుకు గుంట ఇంకా లోతు’ అని రాసుకుంది. చివరికి మొదటి కంపెనీ నుంచి అద్దాలగారికి ఉత్తరం వచ్చింది. పదిహేడో నంబరు ముక్కకు ‘ఎడమ తలుపు, మూత గుంటతో’ అని పేరు పెడుతున్నారట. రెండో పేజీ అడుగున ఆయన పేరు వేస్తారట. అయితే ఈ గుంట యథార్థమేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, నెలాఖరులోగా పంపాలి. ఆ తరువాత పుస్తకం అచ్చుకు పోతుంది.

అద్దాలగారు ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించారు. ఆ పనికి మాత్రం ఆయన షాపు పనికిరాలేదు.

సరిగ్గా ఆ వారమే మామగారు కళ్ళజోడు మార్పించుకోవడానికి వచ్చారు.

మామగారు ఒకప్పుడు సైన్యంలో పనిచేశారు. ‘ఏదో తోలారు’ అన్నంతవరకు అల్లుడికి తెలుసు. పద్నాలుగు దేశాల సైన్యాల్లో ఏ బండికి ఎన్ని గేర్లో, ఏ గేరు పిడికి ఏ రంగో అల్లుడు కళ్ళు మూసుకుని చెప్పగలడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో, మీరు ఏ బండి తోలారండీ అని మామగారిని అడగాలన్న ఆలోచన మాత్రం రాలేదు. పెట్టె మీద నంబరు లేని వస్తువు మీద ఆయన దృష్టి నిలవదు.

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆయన అమ్మాయి, అంటే అద్దాలగారి భార్య, చిక్కుళ్ళు తుంచుతోంది. బల్ల మీద పరిచి ఉన్న లారీ బొమ్మను మామగారు చెయ్యి చాచి దగ్గరకు, మళ్ళీ దూరంగా, మళ్ళీ దగ్గరకు పెట్టుకుని చూశారు.

“ఇదేంటమ్మాయ్, నా బండి బొమ్మ ఇక్కడుంది?”

“నీ బండేంటి నాన్నా?”

“నంబరు చూడు. పదకొండేళ్ళు తోలాను. వంటకీ డ్రైవింగుకీ ఇద్దరుండాలి, ఒక్కణ్ణే ఇచ్చారు. ఇదిగో, ఈ సొట్ట కూడా నాదే.”

అద్దాలగారు కుర్చీలోంచి లేచారు. “సొట్ట కాదండీ మావయ్యగారూ. గుంట. పద్ధతి ప్రకారం పెట్టిన గుంట.”

“పద్ధతేంటండీ, నా కాలు.”

“కాలేంటండీ?”

“ఆ తలుపు గొళ్ళెం పడేది కాదు అల్లుడుగారూ. రెండు చేతుల్లో రెండు గుండిగలు, కాలుతుంటాయి. తలుపెలా వేస్తాం? వెనక్కి తిరిగి మడమతో ఒక్కటిచ్చేవాణ్ణి. తంతే పడేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. కుడివైపు తలుపు బుద్ధిగా పడేది, దాని జోలికి పోలేదు.”

అమ్మాయి నవ్విన నవ్వుకు చిక్కుళ్ళన్నీ నేల మీదికి దొర్లాయి. అద్దాలగారు మనసులో లెక్క వేశారు. రోజుకు మూడు, పదకొండేళ్ళకు పన్నెండు వేల చిల్లర. ముప్పై ఎనిమిది పేజీల మీద పన్నెండు వేల తన్నులు.

“మావయ్యగారూ, ఈ మాట మీరు బయట ఎక్కడా అనకండి.”

“ఎందుకండీ, సైనిక రహస్యమా?”

“ఆయనకి పేరొస్తోంది నాన్నా,” అంది అమ్మాయి చిక్కుళ్ళు ఏరుకుంటూ. “తన్నింది నువ్వూ, పేరు ఈయనకీ. కష్టపడితే ఫలితం ఉంటుందంటే ఏమో అనుకున్నాను.”

మామగారిని నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంచాలని అద్దాలగారు నిశ్చయించుకున్నారు. కానీ కళ్ళు పరీక్ష చేయాలంటే షాపుకు తీసుకురాక తప్పదు. తెచ్చిన గంటకే పళ్ళ డాక్టరుగారు తన కళ్ళజోడు మరకు నూనె వేయించుకోవడానికి వచ్చారు. పెద్దాయనతో మాట కలిపారు. మాటల్లో సైన్యం దొర్లింది. అంతే, డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“పన్నెండేళ్ళుగా సైన్యాన్నే శ్వాసిస్తున్న సంఘమండీ మాది. నిజమైన సైనికుణ్ణి చూసే భాగ్యం ఇంతవరకూ కలగలేదు. ఈ ఆదివారం మీరే ముఖ్య అతిథి.”

“నేనేం మాట్లాడతానండీ,” అన్నారు మామగారు మొహమాటంగా.

“ఆయనకి మాట్లాడటం రాదండీ,” అన్నారు అల్లుడు ఆశగా.

“సైనికుడు మాట్లాడక్కర్లేదు. కూర్చుంటే చాలు,” అన్నారు డాక్టరుగారు. ఆ మాట మీద ఆయన నిలబడి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆదివారం ముఖ్య అతిథిని రోగులు పడుకునే పెద్ద కుర్చీలో, మీట నొక్కి కొంచెం పైకి లేపి కూర్చోబెట్టారు. సభలో అది ఒక్కటే ఎత్తయిన ఆసనం. అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు.

“మిత్రులారా, ముప్పై అయిదో వంతు ప్రపంచంలో బతుకుతున్న మన మధ్యకు ఈ రోజు పూర్తి సైజు మనిషి వచ్చారు. వీరి బూట్లలో ధూళి కూడా చరిత్రే. అటువంటి వీరుల త్యాగాలను భావితరాలకు అందించడానికే మనం పెట్టెలు తెరవకుండా దాచిపెడుతున్నాము. మన అద్దాలగారు వెలికితీసిన మూత గుంటను వీరి సమక్షంలో ధ్రువీకరించడం మన అదృష్టం. పెద్దలు రెండు ముక్కలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను.”

మామగారు కుర్చీలోంచి దిగబోయారు. మీట తగిలి కుర్చీ ఇంకొంచెం పైకి లేచింది. ఆయన అక్కడి నుంచే, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, సరిగ్గా రెండు ముక్కలే మాట్లాడారు.

“బండి నాదేనండీ. సొట్ట నేను తన్నిందేనండీ.”

మోకాలి పక్షం మూత పక్షాన్ని చూసింది. మూత పక్షం మోకాలి పక్షాన్ని చూసింది. ఆరు వారాల తరువాత రెండు పక్షాలూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం అదే మొదలు. ఆ చూపుల్లో పాత స్నేహం తిరిగి చిగురించింది. తన్ను గనుక నిజమైతే మూతా లేదు, మోకాలూ లేదు, పోట్లాడుకోవడానికి ఆదివారమే లేదు.

బీమా ఏజెంటు లేచాడు. “సంతోషమండీ. చిన్న ప్రశ్న. వంట అర మెట్టుకు బోల్టులెన్ని?”

“ఆ మెట్టు మీద కాలు పెట్టానండీ, వేలు పెట్టలేదు.”

“ఆరు,” అని బీమా ఏజెంటు సభకు చెప్పాడు. “లారీ రంగు?”

“ఆకుపచ్చండీ.”

సభలో కలకలం రేగింది. ఆకుపచ్చ అనే రంగు లేదన్న సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. పందొమ్మిది రకాల ఆలివ్ రంగులు ఉన్నాయి. వాటిలో ఈ లారీకి వేసింది నాలుగోదా ఏడోదా అన్న విషయం మీదే ఒక సభ్యుడు మూడేళ్ళుగా తన తమ్ముడితో మాట్లాడటం లేదు.

“పోనీ, ఎండకు వెలిసిన ఆకుపచ్చా, వెలవనిదా?” అని అధ్యక్షులు జాలిపడి సందు ఇచ్చారు.

“ఎక్కువగా మసే ఉండేదండీ. కట్టెల పొయ్యి కదా.”

“కట్టెల పొయ్యా? పుస్తకాల్లో కిరసనాయిలు స్టవ్వని ఉందే?”

“కిరసనాయిలు వస్తే కదండీ.”

బీమా ఏజెంటు ఒక చీటీ మీద ఏదో గీసుకున్నాడు. వెనక వరసలోంచి లిఫ్టు మెకానిక్ చెయ్యి ఎత్తాడు. “పెద్దాయనా, ఆ గొళ్ళెం బాగు చేయించుకోలేకపోయారా?”

“మూడుసార్లు రాసిచ్చాను నాయనా. గొళ్ళెం ఉన్నట్టు రికార్డులో ఉంది, కాబట్టి తలుపు పడుతున్నట్టేనని జవాబొచ్చింది.”

ఈ ప్రశ్నోత్తరం చర్చనీయాంశానికి సంబంధించినది కాదని అధ్యక్షులు మినిట్సులోంచి కొట్టేయించారు. తరువాత అద్దాలగారి వైపు తిరిగారు.

“పరిశోధకులుగా ఈ సాక్ష్యం మీద మీ అభిప్రాయం సభకు కావాలి. మీరు ఒప్పుకుంటే తీర్మానం లేదు. తీర్మానం లేకపోతే కంపెనీకి ఉత్తరం లేదు. మీ ఇష్టం.”

అద్దాలగారు లేచారు. పెద్ద కుర్చీలో, అందరికంటే ఎత్తులో, మామగారు చేతిరుమాలు మడతపెడుతూ అల్లుణ్ణే చూస్తున్నారు. ఎదురుగా గోడ మీద నిలువెత్తు దంతం. అద్దాలగారికి ఆ దంతం మీద, వేళ్ళ దగ్గర, చీమ తలంత అక్షరాల్లో తన పేరు కనబడింది.

“మా మావయ్యగారి కళ్ళు గురువారం నేనే పరీక్ష చేశాను,” అన్నారు. “ఎడమ కంటిలో పొర ఉంది. కుడి కన్ను దగ్గరి వస్తువులను పట్టుకోలేదు. వృత్తిరీత్యా చెప్పాలంటే, నువ్వుగింజంత వస్తువు వీరికి కనబడే అవకాశం తక్కువ.”

సభ ఊపిరి పీల్చుకుంది. నలభై ఏళ్ళ క్రితం ఆ కళ్ళు ఎలా ఉండేవని గాని, అసలు లారీ మీద సొట్ట నువ్వుగింజంత కాదు, అరచేతంత అని గాని ఎవరూ అనలేదు. సాక్షి సదుద్దేశం గలవాడే గాని ప్రామాణికుడు కాడని, సైన్యంలో ఆయన పనిచేసిన మాటకు ఆధారాలు అందేవరకు గౌరవంగా అనుమానించవచ్చునని తీర్మానించారు. మూత పక్షమూ మోకాలి పక్షమూ కలిసి చేతులెత్తాయి. గుంట యథార్థమని ఏకగ్రీవంగా తేలింది. ముఖ్య అతిథి కుర్చీని మీట నొక్కి కిందికి దించారు.

దారిలో మామగారు కోపం తెచ్చుకోలేదు. “అల్లుడుగారూ,” అన్నారు. “కంటి సంగతి సరే. కాలు కూడా మీరే పరీక్ష చేశారా?”

ఇంట్లో భార్య అంతా విన్నది. ఒక్క మాట అనలేదు. అనకపోవడం చూసి అద్దాలగారు గండం గడిచిందనుకున్నారు. మర్నాడు షాపు నుంచి భోజనానికి వచ్చేసరికి, బల్ల మీద ఒక ట్యాంకు పెట్టె మూత తీసి ఉంది. ముప్పై ఏళ్ళ నాటి పెట్టె. లోపలి ప్లాస్టిక్ సంచులు కూడా చింపి ఉన్నాయి. అద్దాలగారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

“నాన్నకి కళ్ళు కనబడవు కదా,” అంది ఆవిడ. “కాలక్షేపానికి తడుముకుంటాడని ఇచ్చాను.”

తడుముకుంటూ తడుముకుంటూ మామగారు సాయంత్రానికి ట్యాంకు కట్టేశారు. చక్రాలు తిరుగుతున్నాయి కూడా. మంగళవారం ఇంకో పెట్టె. బుధవారం ఇంకోటి. గుండిగలు మోసిన చేతులు గనుక చిన్నవి పట్టుకోవడం ఆయనకు సరదాగా ఉంది. రెండు వారాలకని వచ్చిన మనిషి, ఈ పని ఏదో తేలేదాకా ఉంటానమ్మాయ్ అన్నారు. మంచాల కింద పెట్టెలు తరిగి, కిటికీల్లో, ఫ్రిజ్జు మీద, టీవీ మీద సైన్యం మోహరించింది. రోజుకొక కిట్టు కళ్ళ ముందు ‘పోతూ’ ఉంటే అద్దాలగారు రోజుకొక మనిషి పోయినట్టు చిక్కిపోయారు. కొత్త కళ్ళజోడు మామగారికి తానే అమర్చారు. ఆ చూపుకు వంక పెట్టడానికి ఇక తనకే దారి లేదు.

ఏడు నెలలు గడిచాయి. వంట లారీ కిట్టు విడుదలైంది. సంఘం ఆవిష్కరణ సభ పెట్టింది. ఆవిష్కరణ అంటే పెట్టె మీది రంగు కాగితం తీయడం. పెట్టె తీయరు. పెట్టె లోపల రెండో పేజీ అడుగున అద్దాలగారి పేరు ఉన్నదని కంపెనీ పంపిన ఉత్తరాన్ని బిగ్గరగా చదివి, ఉన్నదని నమ్మి, చప్పట్లు కొట్టారు. పన్నెండేళ్ళ కోరిక తీరిన ఆ ఘడియలో అద్దాలగారు లేచి నిలబడ్డారు. అప్పటికి ఇంట్లో మూత తీయని పెట్టె ఒక్కటీ మిగల్లేదు. పోవడానికి ఏమీ లేని మనిషికి వచ్చే ధైర్యం ఆయనకు వచ్చింది.

“మిత్రులారా, అది గుంట కాదు. తన్ను. మా మావయ్యగారు తన్నారు. నాకు ముందే తెలుసు. పేరు కోసం దాచాను. నా పేరు తీసేయమని రాద్దాం.”

అధ్యక్షులు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“సభ్యుల ముందు ఇప్పుడు ఇద్దరు అద్దాలగార్లు ఉన్నారు,” అన్నారు. “ఒకరు ముప్పై ఎనిమిది పేజీలూ అరవై ఒక్క పాదసూచికలూ గలవారు. అచ్చయినవారు. రెండోవారు ఇప్పుడు చెమటలు పట్టి మన ముందు నిలబడినవారు. వీరికి ఒక్క పాదసూచిక కూడా లేదు. వీరు వారిని ఖండిస్తున్నారు. ఎవరిని నమ్మాలో సభ తేల్చాలి.”

“ఇది మోకాలి పక్షం కుట్రని ముందే అనుకున్నాను,” అన్నాడు మూత పక్షం సభ్యుడొకడు.

“మా పక్షం ఇంత దిగజారలేదు,” అన్నాడు బీమా ఏజెంటు.

ఓటింగు జరిగింది. నిలబడిన అద్దాలగారు అచ్చయిన అద్దాలగారి సిద్ధాంతం మీద మాట్లాడటానికి అర్హులు కారని తీర్మానించారు. లిఫ్టు మెకానిక్ చెయ్యి కూడా, నిట్టూర్చి, లేచింది. అతనికి ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అని మళ్ళీ అడిగించుకోవడం ఇష్టం లేదు. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ అద్దాలగారి చెయ్యి కూడా లేచింది. ఏకగ్రీవం. ఇది చదివి మీరు నవ్వుకుంటూ ఉండవచ్చు. అద్దాలగారే నేరుగా మీ గుమ్మంలోకి వచ్చి ఈ సంగతంతా చెబితే తలుపు వేసుకునేవారని, అచ్చులో ఉంది గనుక ఇంతదూరం చదివారని సంఘం మినిట్సులో రాసుకుంది.

అద్దాలగారు సభ మధ్యలోనే ఇంటికి వచ్చేశారు. వ్యాసం రాసినందుకు ఆయనకు కంపెనీ పంపిన కిట్టు అప్పటికే బల్ల మీద ఉంది. మూత తీసి ఉంది. మామగారు కొత్త జోడులోంచి పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, పదిహేడో నంబరు ముక్కను పట్టకారుతో పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి చూస్తున్నారు.

“మావయ్యగారూ, క్షమించండి. సభలో ఒప్పేసుకున్నాను. మీరు తన్నిందేనని చెప్పేశాను. నమ్మలేదు.”

“ఎలా నమ్ముతారండీ,” అన్నారు మామగారు ముక్క మీంచి చూపు తిప్పకుండా. “ఇక్కడ ఎంత వివరంగా రాశారు. మూత ఎలా ఆనుతుందో బాణం గుర్తు కూడా వేశారు.”

“అది నేను ఊహించి రాసిందండీ. తన్నింది మీరు. పదకొండేళ్ళు.”

“తన్నాననే అనుకున్నానండీ. కానీ చదువుతుంటే మూత కోసమేనని తెలిసిపోతోంది.” పెద్దాయన పట్టకారు కింద పెట్టి, ఎడమ మడమ రెండు చేతులతో నిమురుకున్నారు. “ఈ ముక్క ఆ రోజుల్లోనే ఎవరైనా చెప్పుంటే, అంత మంచి గుంటని నేను తన్నేవాణ్ణా అల్లుడుగారూ?”